తెల్ల ఐరిస్ రెండో పూత

మా వదినగారి మీద నాకు ఇప్పటికీ కోపమే. మా ఆయన అక్క, మంచిమనిషి. ఆ మంచితనమే నా కొంప ముంచింది.

అప్పట్లో గల్ఫ్‌లో, రిఫా అనే ఊళ్ళో అద్దె విల్లాలో ఉండేవాళ్ళం. ఇల్లు మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని కఫీల్‌ది, కారు కంపెనీది. నాదని చెప్పుకోవడానికి పెరటిగోడ పక్కన ఒక్క మడి. పక్కింటి ఇంగ్లీషావిడ దేశం విడిచి వెళ్ళిపోతూ తన ఐరిస్ పూలమొక్కల దుంపలు నాకిచ్చింది. కింది రేకుల మీద గొంగళిపురుగులా నూగు ఉంటుంది కాబట్టి వాటిని గడ్డం ఐరిస్ అంటారు. మామూలువి చలికాలం చివర ఒకసారి పూసి ఊరుకుంటాయి. కొన్ని రకాలు మాత్రం ఎండలు తగ్గాక మళ్ళీ పూస్తాయి. ఏది ఏ రకమో ఆకు చూసి చెప్పలేం, దుంప చూసి చెప్పలేం, రెండో పూత కళ్ళతో చూడాల్సిందే. మొక్క మొక్కకీ ఐస్‌క్రీం పుల్ల గుచ్చి, మళ్ళీ పూసినవాటిని వేరే వరుసలోకి మార్చుకుంటూ వచ్చాను. ఎటూ తేలనిది తెల్లది ఒక్కటే. ఈ దేశంలో అది రెండోసారి పూయదని ఆవిడ అనేది. పూయించి తీరాలని నా పంతం.

ఆ నవంబరులో దాని ఆకుల మొదట్లో వేలికి ఉబ్బు తగిలింది. మొగ్గ కాడ కావచ్చు, కొత్త ఆకూ కావచ్చు. కొద్దిరోజులు ఆగితే తేలిపోతుంది.

సరిగ్గా అప్పుడే వదినగారు విజిట్ వీసా మీద వచ్చారు. వాళ్ళది పసుపు పండించే ఊరు. "ఆ మడి జోలికి మాత్రం పోవద్దు వదినా" అని మొదటిరోజే చెప్పాను. మా ఇళ్ళల్లో చుట్టానికి పని చెయ్యొద్దనడం మర్యాద. ఆ మాట వినకుండా చెయ్యడం అంతకన్నా మర్యాద.

క్లినిక్‌లో డ్యూటీ దిగి వచ్చేసరికి మడంతా తవ్వేసి ఉంది. దుంపలన్నీ పసుపు కొమ్ముల్లా విరిచి, ఒకే గట్టున పాతి, పైకి మట్టి ఎగదోసి, నిండా నీళ్ళు పెట్టారు. పుల్లలు చెత్తబుట్టలో ఉన్నాయి. ఐరిస్ దుంపకు వీపు మీద ఎండ తగలాలి. కప్పెట్టి తడిపితే కుళ్ళిపోతుంది.

"దుంపలన్నీ అట్టా ఎండబెట్టావేంటమ్మాయ్? మా ఊళ్ళో చూస్తే నవ్విపోతారు" అన్నారు చేతులు కడుక్కుంటూ.

మా ఆయన "దుంపలే కదా, ఊరుకో" అన్నాడు. శుక్రవారం తెలుగు ప్రార్థన కూటంలో ఆడవాళ్ళంతా క్షమించమన్నారు. ఆవిడ తప్పు చేసిందని ఒప్పుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు, క్షమించడం మాత్రం నా వంతు. ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి వదినగారు పడుకున్నాక తవ్వి తీశాను కానీ అప్పటికే సగం మెత్తబడ్డాయి.

చలికాలం చివర బతికినవి పూశాయి. ఊదావి, పసుపువి. తెల్లది ఒక్కటే రాలేదు.

ఊరికి వెళ్ళాక వదినగారు ఫోన్ చేసి తోట ఎట్టా ఉందని అడిగారు. ఆ రోజు దాచుకోలేదు.

"తెల్లది మీరు పాతినచోటే కుళ్ళిపోయింది వదినా. మళ్ళీ పూసేదో కాదో ఇక ఎప్పటికీ తెలియదు."

"పోన్లే అమ్మాయ్. అది పూసే రకం కాదులే. అయ్యుంటే మట్టిలోంచైనా లేచేది" అన్నారు తేలిగ్గా.

కాదని వాదించడానికి నా దగ్గర పువ్వు లేదు.