మూలల దగ్గర కాస్త ఎక్కువ

నా చిన్నప్పుడు నేను కొన్నాళ్ళు సినిమాల్లో వేషాలు వేశాను. ఈ మాట చెబితే మా ఇంట్లో పిల్లలు ఇప్పటికీ నమ్మరు. పెద్ద వేషాలేమీ కావు. పెళ్ళి సీన్లో పూలు చల్లే పిల్ల, హీరోయిన్ కొంగు పట్టుకుని ఏడ్చే చెల్లెలు, అలాంటివి. మా నాన్నగారు ఎడిటింగ్ గదిలో సహాయకులుగా పనిచేసేవారు. మద్రాసు నుంచి వచ్చి ఫిల్మ్ నగర్‌లో అద్దె ఇంట్లో దిగిన కొత్తరోజులవి. అప్పటికి జూబ్లీహిల్స్ అంటే బండరాళ్ళూ, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్ళూ. మధ్యాహ్నం పూట స్టూడియో వ్యాన్ ఒకటి వెళ్తే దాని దుమ్ము అణగడానికే చాలాసేపు పట్టేది.

ఆ ఏడాది నాకు కాస్త మంచి వేషం దొరికింది. హీరోయిన్ కూతురిగా సినిమా అంతా కనిపిస్తాను. సగం షూటింగ్ అయ్యాక ఎందుకో సినిమా ఆగిపోయింది. చాలా నెలల తర్వాత మళ్ళీ మొదలుపెట్టి మమ్మల్ని రమ్మన్నారు. కాస్ట్యూమ్ గదిలో నా పాత గౌను తొడగబోతే భుజాల దగ్గరే ఆగిపోయింది. డైరెక్టరుగారు మంచి మనిషి. నన్ను దగ్గరకు పిలిచి తల నిమిరి, మా అమ్మతో మెల్లగా, పాప బాగా ఎదిగిపోయిందనీ, ముందు తీసిన సీన్లతో కలవదనీ చెప్పారు. నా పోలికే ఉన్న మరో చిన్న పాప అప్పటికే మేకప్ వేసుకుని కూర్చుని ఉంది.

అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం నాన్నగారితో, "ఇంకొక్క ఏడాది ఇలాగే చిన్నగా ఉంటే ఎంత బావుండేదండీ" అంది. తలుపు అవతల నేనున్నానని ఆవిడకు తెలియదు.

ఇక ఎదగకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. అన్నం తింటే పొడుగవుతారని అందరూ అంటారు కదా, తినడం మానేస్తే సరి. పెరుగన్నం వెనక గోడ మీద కాకులకు పెట్టేదాన్ని. పాలు గోడ అవతల పారబోసేదాన్ని. కొన్నాళ్ళకు బడిలో ప్రార్థన జరుగుతుంటే కళ్ళు తిరిగి పడిపోయాను. డాక్టరు టానిక్ రాసిచ్చాడు. ఆ టానిక్కూ గోడ అవతలికే పోయింది. అమ్మకు ఏం చేయాలో తోచలేదు. తను బజారుకో పని మీదో వెళ్ళినప్పుడు నన్ను పక్కింట్లో వదలడం మొదలుపెట్టింది.

పక్కింటి పెద్దమ్మది ఇక్కడి ఊరే. ఆవిడ భర్త స్టూడియోలో వ్యాన్ నడిపేవాడు. చిన్నప్పుడు హాస్టల్లో సిస్టర్ల దగ్గర నేర్చుకున్న క్రోషా అల్లిక ఆవిడ చేతిలో ఎప్పుడూ ఆడుతూనే ఉండేది. పాత స్వెట్టర్లు విప్పి, ఆ ఊలుతో చదరాలు అల్లేది. మధ్యలో ఒక రంగు పువ్వు, దాని చుట్టూ ఇంకో రంగు, ఆ చుట్టూ మరొకటి. ఇప్పటి పిల్లలు ఫోన్లో చూసి అల్లుతూ గ్రానీ స్క్వేర్ అంటున్నది అదే. పెద్దమ్మ దానికి పేరేమీ పెట్టలేదు. డబ్బా అనేది.

నన్ను ఏమీ అడగలేదు ఆవిడ. ఎందుకు తినవు, ఏమైంది, ఒక్క ప్రశ్న లేదు. బియ్యప్పిండితో గిన్నెలో కాల్చిన సర్వపిండి ముక్క ఒకటి పక్కన పెట్టి ఊరుకునేది. నేను ముట్టకపోతే ఏమీ అనకుండా లోపల పెట్టేసేది. నాలుగైదు రోజులు చూసి నా చేతికో సూది ఇచ్చింది. చివర చిన్న కొక్కెం ఉన్న ఇనప సూది. ఊలును ఆ కొక్కెంతో లాగి ముడి మీద ముడి ఎలా వేయాలో చూపించింది. మూడేసి కుట్లు ఒక గుంపు. పక్కన కొంచెం సందు. మళ్ళీ గుంపు. తప్పుపోతే విప్పేది, ఓపిగ్గా మళ్ళీ చూపించేది. కొద్దిరోజుల్లోనే నా చేతిలో పసుపు పువ్వు ఒకటి తయారైంది. దాని చుట్టూ ఎర్రటి చుట్టు వేశాను. వేషం పోయాక నేను సంతోషంగా ఉన్నది బహుశా అప్పుడే.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఒక వింత పని చెప్పింది. అంతవరకు ప్రతి మూలలోనూ ఒకే సందులో రెండు గుంపులు వేయమనేది. ఆ రోజు, "ఇగ మూలల కాడ గూడ ఒక్కటే వెయ్. ఎక్కువ వెయ్యకు" అంది. నేను అలాగే ఒక చుట్టు వేశాను. మరో చుట్టు వేశాను. చదరం అంచులు మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టాయి. ఇంకో చుట్టయ్యేసరికి అది గిన్నెలా ముడుచుకుపోయింది. అరచేత్తో నొక్కాను. మోకాలి కింద పెట్టుకుని కూర్చున్నాను. తీయగానే మళ్ళీ ముడుచుకుంది. ఏడుపొచ్చేసింది.

పెద్దమ్మ దాన్ని తీసుకుని చూసింది.

"ఇందుల నీ తప్పేం లేదు బిడ్డా. నేనే చెప్పిన గదా పెంచొద్దని. పెరిగే యాళ్లకు జాగ ఇయ్యకపోతే గిట్లనే ముడుచుకుంటది."

ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది. "పెద్దదైపోతే ఎవరికీ అక్కర్లేదు కదా పెద్దమ్మా" అన్నాను. అన్నాక ఇక ఆపుకోలేకపోయాను. గౌను, చిన్న పాప, తలుపు అవతల విన్న మాట, కాకులు, అన్నీ వెక్కుతూనే చెప్పేశాను.

ఆవిడ నన్ను ఒళ్ళోకి లాక్కుని, ఆ ముడుచుకున్న చుట్లు ఒక్కొక్కటీ విప్పింది. మొదటి మూల తనే వేసి సూది నాకిచ్చింది. "చిన్నగుంటె గిలాస కింద పెడ్తరు. పెద్దగైతే మనిషికి కప్పుతరు. నీకేది గావాలె?" అని అడిగింది. నేను మూలలో రెండు గుంపులు వేశాను. ఆవిడ లోపలికెళ్ళి సర్వపిండి తెచ్చింది. తిన్నాను.

నేను పారబోస్తున్న పాలు ఆవిడ తన వంటింటి కిటికీలోంచి మొదటి నుంచీ చూస్తూనే ఉందట, ఎదిగిపోయానని నా వేషం పోయిన సంగతీ భర్త ద్వారా విందట. అది నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ మా అమ్మను వరండాలోకి పిలిచి ఏదో చాలాసేపు మాట్లాడింది. లోపలికి వచ్చిన అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కంచంలో అన్నం కలిపి, పక్కన కూర్చోబెట్టుకుని తినిపించింది. నేను చాలనేదాకా తినిపించి, ఆ తర్వాత తను తింది.

మర్నాడు నన్ను టైలరు దగ్గరకు తీసుకెళ్ళింది. బడి గౌను కొలతలు తీసుకుంటుంటే, "కింద మడత బాగా వదిలి కుట్టు బాబూ. మా అమ్మాయి పొడగరి అవుతుంది" అంది. షాపులో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అంది. ఆ గొంతులో గర్వం ఉంది. నా గురించి అమ్మ అంత గర్వంగా మాట్లాడటం సెట్లో కూడా ఎప్పుడూ వినలేదు. తర్వాత నేను మళ్ళీ వేషాలు వేయలేదు. అమ్మా అడగలేదు. ఏటా ఆ మడత కొంచెం కొంచెం విప్పుతూ వచ్చింది.

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. అల్లిక నాకు పెద్దగా అబ్బలేదు. ఆవిడ దగ్గర నాకు నిజంగా అబ్బింది ఆ కూర్చోవడం. పిల్లలు ముభావంగా ఉంటే నేను కారణం అడగను. చేతికేదో చిన్న పని ఇచ్చి పక్కన కూర్చుంటాను. మొన్న మా మనవరాలు బడి నుంచి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో కూర్చుంది. వాళ్ళమ్మ అడిగి అడిగి విసిగిపోయింది. నేను బఠానీలు, ఒక గిన్నె పట్టుకెళ్ళి మంచం మీద దాని పక్కన కూర్చుని వలవడం మొదలుపెట్టాను. కాసేపటికి అదీ ఒక కాయ అందుకుంది. గిన్నె సగం నిండేసరికి, "అమ్మమ్మా, ఇవాళ ఏమైందో తెలుసా" అంది.