వామి కాదమ్మా, యర్టు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. ఈ కథ అయ్యేలోపు నా నెత్తిన ఒక పల్లె బిందెలన్నీ ఖాళీ అవుతాయి. అందులో ఒకటి కుడితి.

అప్పుడు నేను కుప్పంలో కొత్తగా ఉద్యోగంలో చేరి, ఒంటి రూములో ఫోనే తోడుగా బతుకుతున్నాను. ఒకరోజు ఆ ఫోనులోనే యర్టు కనబడింది. మంగోలియా గొర్రెల కాపరుల గుండ్రటి ఉన్ని గుడారం. నడుమ పొయ్యి, నెత్తిన పొగకన్నం, చుట్టూ నవ్వుతున్న పదిమంది. నిజం చెప్పాలంటే నేను చూసింది ఆ పదిమందినే.

మదనపల్లెలో నాతో చదివిన ఏడుగురికీ ఫోన్లు కొట్టి, ఒక రాత్రి చేనులో గడుపుదాం రమ్మన్నాను.

"డిసెంబరులో మామూలు టెంటంటే ప్లాస్టిక్ సంచిలో పడుకున్నట్టేరా, లోపలా మంచే! చెట్లకు ఊయల కట్టుకుంటే కిందనుంచి గాలి కోస్తాది. కారులో పడుకుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. యర్టులో అయితే అందరం పొయ్యి సుట్టూ కూర్చోవచ్చు!"

"వస్తాం పోరా," అన్నారు ఏడుగురూ.

ఆలూ లేదు, చూలూ లేదు, ఎనిమిది మందికి పరుపులు! పుంగనూరు దగ్గర మా మామ చేనులో వెదుళ్లు వంచి, కంబళ్లు కప్పి, చలి దూరకుండా పైన గడ్డి కూడా పేర్చాను. ఎనిమిది బిర్యానీ పొట్లాలు తెచ్చిపెట్టాను. పొద్దు వాలుతుండగా, ఆ ఏడుగురిలో ముందుగా గిరిగాడి ఫోను.

"రేయ్, పాపకు జొరం వచ్చుండాది. మిగతావాళ్లు వస్తాండారులే."

మిగతావాళ్లకూ తలా ఒక సాకు దొరికింది. అందరూ "మిగతావాళ్లు వస్తాండారులే" అనే ఫోను పెట్టేశారు.

గుండ్రటి ఇంట్లో మూలలుండవని అప్పుడు గమనించాను. దిగులుపడినవాడు ముడుచుకు కూర్చోడానికి ఒక మూలైనా ఉండాలి కదండీ! ఎటు తిరిగినా ఏడు ఖాళీ పరుపులు. ఏడుపొచ్చింది, చలీ వేసింది. పొయ్యి వెలిగించి, పైనుంచి గాలి వస్తోందని పొగకన్నం మీద ఇంకో కంబళి కప్పేశాను. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నా నిప్పు చిటికెడు, పొగ పుట్టెడు. అదంతా గడ్డి సందుల్లోంచి ఆకాశానికి లేచింది.

మా మెట్టపల్లెల్లో గడ్డివామి కాలిందంటే వేసవికి ఆవులు పస్తే. అది ఎవరిదని ఎవరూ అడగరు, పరిగెత్తుతారు.

"వామి అంటుకునింది! బిందెలు తేండి!"

"యాడ? యాడ?" అని దగ్గుతూ నేనూ తల బయటపెట్టాను. బిందె తర్వాత బిందె, నీళ్లు ఫెడీమని నెత్తినా మొహానా పడ్డాయి.

"ఓయమ్మో, లోపల మనిషుండాడు!" అని పక్కచేని మునెమ్మ అరిచింది. అరుస్తూనే, చేయి ఆగక, కుడితి బిందె నా మీద కుమ్మరించింది.

"వామి కాదమ్మా, యర్టు. చలికి వేసుకుంటారు."

"నీకు ఇల్లు లేదా అప్పా? యాల దూరినావు ఇందులో?"

"రూముండాది. కుప్పంలో."

"ఆడ నీకు ఎవురూ లేరా?"

నేను కళ్లు నులుముకున్నాను. పొగకనుకుందేమో, కొంగుతో నా కళ్లు తుడిచింది.

తర్వాత పొగకన్నం తెరిచి, తడవని పరుపులు వెతుక్కుని, ఊరంతా పొయ్యి చుట్టూ కూర్చుంది. ఎనిమిది పొట్లాలూ అందరూ తలా పిడికెడు పంచుకున్నారు. ఫోనులో చూసినట్టే, అందరూ నవ్వుతున్నారు, కాకపోతే నన్ను చూసి. ఇంతలో "ఆవుల్ని కట్టేయాల" అంటూ ఒక్కొక్కరే బిందెలు తీసుకుని వెళ్లిపోయారు. కుడితి వాసనతో నేను మిగిలాను.

ఆ తడి కంబళ్ల మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: నా కంఠంలో ప్రాణముండగా పొగకన్నం మూసి పొయ్యి వెలిగించను. ఇంతవరకూ మాట తప్పలేదు. కాకపోతే డిసెంబరులో, కుప్పం రూములో ఒక్కడినే టీ కాచుకుంటూ, ఇది మూస్తే ఎవరైనా బిందెలు పట్టుకుని వస్తారేమోనని అప్పుడప్పుడూ వెంటిలేటర్ వైపు చూస్తుంటాను.