పాటలో పడిన ఆలస్యం

మా పెద్దమ్మ ధర్మవరంలో ఇంటి మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు మా అమ్మ హిందూపురం నుంచి వెళ్లి చాలా రోజులు ఆమె దగ్గరే ఉంది. ఆపరేషన్ బాగానే జరిగింది. వాకర్ పట్టుకుని రోజూ కాస్త నడవమని డాక్టర్ చెప్పాడు. పెద్దమ్మ నడవలేదు. నొప్పి కంటే మళ్లీ పడతానన్న భయమే ఎక్కువగా ఉండేది. అమ్మకేమో ఇక్కడ అంగడి ఉంది, మా నాయన ఉన్నాడు. మనసొప్పకుండానే తిరిగొచ్చింది.

వాళ్లిద్దరూ కనగానపల్లి దగ్గర ఒక పల్లెలో పుట్టారు. చెనిక్కాయ చేలో కలుపు తీస్తూ జతగా పాడటం అలవాటు. ఆ పాటల తీరే వేరు. అక్క ఒక చరణం ఎత్తుకుంటే, దాని ఆఖరి మాట ఇంకా నోట్లో ఉండగానే చెల్లెలు అందుకోవాలి. చెల్లెలు ముగించకముందే మళ్లీ అక్క. మధ్యలో సందు ఉండకూడదు.

ఫోన్లో పాడిస్తే పెద్దమ్మకు కాస్త ఉత్సాహం వస్తుందని అమ్మ అనుకుంది. సాయంత్రం వీడియో కాల్ పెట్టి ఇద్దరూ మొదలుపెట్టారు. రెండో చరణానికే తేడా వచ్చింది. ఒకరి కోసం ఒకరు ఆగుతూ, ఆగుతూ, పాట నత్తనడక పట్టి ఆగిపోయింది.

"నువ్వు ఆలీసెం చేస్తాండావక్కా" అంది అమ్మ.

"నేనేడ చేస్తాండా? నువ్వే నిలబడిపోతాండావు" అంది పెద్దమ్మ.

ఇలా కొన్నాళ్లు సాగింది. ఒకరోజు పెద్దమ్మ ఇక పాట వద్దంది. కాలుతో పాటు గొంతు కూడా పోయిందని, తనను విసిగించవద్దని చెప్పి ఫోన్ పెట్టేసింది. అమ్మ పొయ్యి ముట్టించకుండా వంటింట్లో ఊరికే నిలబడింది.

నేను పెనుకొండలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. పొద్దున రైల్లో పోయి సాయంత్రం వస్తాను. తప్పు అక్కదీ కాదు, చెల్లెలిదీ కాదని నాకు అనుమానం వచ్చింది. మా పెద్దమ్మ కొడుకు ఇంట్లోనే మగ్గం నేస్తాడు. ఆ అన్నకు ఫోన్ చేసి, నాతో కలిసి చప్పట్లు కొట్టమన్నాను. ఆయన నా చప్పుడు విన్న వెంటనే కొట్టినా, అది నాకు స్పష్టంగా వెనకబడి వినిపించింది. మాటలకు ఆ ఆలస్యం అడ్డం రాదు. ఆఖరి మాట మీద అందుకోవాల్సిన పాట మాత్రం దానివల్లే చెడిపోతోంది.

దాని గురించి చదవడం మొదలుపెట్టాను. హిందూపురానికీ ధర్మవరానికీ మధ్య దూరం అసలు సమస్య కాదని తెలిసింది. రెండిళ్లకూ ఒకే కంపెనీ ఇంటర్నెట్ తీగ ఉండటం మా అదృష్టం. ఆలస్యంలో ఎక్కువ భాగం యంత్రాల లోపలే పుడుతోంది. కంప్యూటర్ మన గొంతును ముక్కలు ముక్కలుగా పోగుచేసి పంపుతుంది. ముక్క చిన్నదైతే ఆలస్యం తగ్గుతుంది. కానీ అప్పుడు ప్రతి ముక్కకూ అది సరిగ్గా వేళకు లేవాలి. ఒక్కసారి వేళ తప్పినా చెవిలో చిటుక్కుమంటుంది. లోపల ఏ పనిని ఎప్పుడు లేపాలో నిర్ణయించే భాగాన్ని కెర్నల్ అంటారు. అంటే నేను పరీక్షించాల్సింది కెర్నల్‌ని.

పాత కంప్యూటర్లు రెండు సంపాదించి ల్యాబులో ఒక మూల బల్ల మీద పెట్టాను. భోజనాల వేళ నా క్యారియర్ పక్కన పెట్టుకుని పరీక్ష నడిపేదాన్ని. పరీక్ష చేసే ప్రోగ్రాం ఫలానా క్షణానికి తనను లేపమని కెర్నల్‌కు చెప్పి నిద్రపోతుంది. లేచాక ఎంత ఆలస్యమైందో చూపిస్తుంది. వెంటనే మళ్లీ నిద్రపోతుంది. మొదట్లో సగటు చూసి సంబరపడ్డాను. తర్వాత అర్థమైంది, చూడాల్సింది సగటు కాదని. వేల సార్లు వేళకు లేచి ఒక్కసారి మొద్దునిద్ర పోయినా, పాట ఆ ఒక్కచోటే తెగుతుంది.

మామూలు కెర్నల్ తీసేసి, వేళ తప్పకుండా ఉండటానికే తయారుచేసిన రియల్‌టైమ్ కెర్నల్ ఎక్కించాను. ఒక పక్క వీడియోలు ఆడిస్తూ, పెద్ద ఫైళ్లు కాపీ చేస్తూ, కావాలనే కంప్యూటర్‌కు ఊపిరాడకుండా చేసి చూశాను. అతి పెద్ద ఆలస్యం కూడా బాగా తగ్గింది. రెండో దానిలో అప్పుడప్పుడు ఆలస్యం చూపే అంకె ఒక్కసారిగా పైకి ఎగిరేది కానీ, ఆ మాత్రం ఫర్వాలేదనుకున్నాను. రెండిటిలోనూ గొంతు మాత్రమే పంపే ప్రోగ్రాం పెట్టి, మొదటిదాన్ని ఇంట్లో అమ్మ దగ్గర ఉంచి, ఆదివారం రెండోదాన్ని ధర్మవరం తీసుకుపోయి పెద్దమ్మ మంచం పక్కన పెట్టాను.

ఆమె మంచం మీద పడుకునే హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అమ్మ హిందూపురంలో మొదలుపెట్టింది. మొదటి చరణం కలిసింది. పెద్దమ్మ కళ్లు పెద్దవి చేసి నావైపు చూసింది. తర్వాత ఆమె ముఖం ముడుచుకుంది. హెడ్‌ఫోన్ తీసి దుప్పటి మీద పెట్టింది.

"లోపల ఎవరో చిటికెలేస్తాండారు పాపా. నాకొద్దు ఇది" అంది.

ఆ కంప్యూటర్‌ని సంచిలో పెట్టుకుని రైలెక్కాను. చేసిందంతా వృథా అయినట్టు అనిపించింది. కానీ మొదటి చరణం కలిసినప్పుడు ఆమె చూసిన చూపు నన్ను వదల్లేదు.

మళ్లీ ల్యాబులో పెట్టి, ఈసారి ఏ పనీ ఇవ్వకుండా పరీక్ష నడిపాను. ఖాళీగా ఉన్నా ఆ అంకె ఎగురుతూనే ఉంది. అదీ ఒక క్రమం ప్రకారం. ఇన్నాళ్లూ కెర్నల్‌ని అనుమానించాను. కానీ దాని పైనున్న బరువు తీసేసినా మారలేదంటే, తప్పు దాని కింద ఉండాలి. నిజంగానే, మదర్‌బోర్డు కెర్నల్‌కు చెప్పకుండా మధ్యమధ్యలో ప్రాసెసర్‌ని తన పనికి లాక్కుంటోంది. బోర్డు సెట్టింగుల్లో ఒక్కొక్కటీ మార్చి, ప్రతిసారీ పరీక్షించాను. పాతకాలపు కీబోర్డుల కోసం ఉంచిన ఒక సౌకర్యాన్ని ఆపేయగానే ఆ ఎగరడం పోయింది. ఎంత బరువు పెట్టినా మళ్లీ రాలేదు. ల్యాబులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, గట్టిగా నవ్వేశాను.

తర్వాతి ఆదివారం పెద్దమ్మను బతిమాలి మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టించి, నేనూ ఒకటి పెట్టుకున్నాను. ఈసారి చిటికెలు లేవు. పాట ముందుకు సాగింది. నాలుగో చరణం దగ్గర అమ్మ మళ్లీ ఆపింది, నువ్వు ఆలీసెం చేస్తాండావని. నేను కంగారుగా అమ్మతో కలిసి చప్పట్లు కొట్టి చూశాను. యంత్రంలో ఏమీ లేదు. పెద్దమ్మ ఆయాసపడుతోంది, అంతే. ఇన్ని నెలలు పడుకునే ఉంది కదా.

"ఊపిరి అందడం లేదే" అంది పెద్దమ్మ మెల్లగా.

అమ్మ మళ్లీ ఎత్తుకుంది. ఈసారి చరణం చివరి మాటను సాగదీసి, అక్క అందుకునేదాకా పట్టుకునే ఉంది. పక్క గదిలో అన్న మగ్గం ఆపి వినడం నేను చూశాను.

వారం తిరక్కుండానే అన్న ఫోన్ చేశాడు. పడుకుని పాడితే గొంతు లేవడం లేదని, కంప్యూటర్‌ని ముందు గదిలో కుర్చీ దగ్గర పెట్టమని పెద్దమ్మ అడిగిందట. పెట్టాడట.

"వాకర్ పట్టుకోని తానే నడుచుకుంటా వచ్చినాది. నేను పట్టుకుంటానంటే వద్దనె" అన్నాడు.

ఇప్పుడు ఆమె వాకర్‌తో వాకిలి దాకా వస్తోంది. సాయంత్రాలు పక్కింటి ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చుంటున్నారు. మొన్న కొత్త కెర్నల్ వచ్చింది. ఆలస్యం ఇంకాస్త తగ్గుతుందేమో, ఎక్కించి పరీక్షించనా అని పెద్దమ్మను అడిగాను.

"బాగుండేదాన్ని ఎందుకు కెలుకుతావు పాపా? పో, మీయమ్మను పిలువు" అంది.

కొత్తది ఎక్కించలేదు. అమ్మను పిలిచాను.