తలుపు మీద రైటు గుర్తులు

నా చిన్నప్పుడు, ఒక వేసవి ఉదయం, మేముండే బెంగాలీల రైల్వే ఊళ్లో గోల్‌బజార్ దగ్గర పశువుల డాక్టరు గదిలో ఉన్నవాళ్లం, ఉన్నవి ఇవి: డాక్టరు గారు, మా తాతయ్య, పదకొండేళ్ల నేను, ఇనుప బల్ల మీద ఒరిగి పడుకున్న మా కుక్క భూరీ, కిటికీ పక్కన ఒక మైక్రోస్కోపు, తాతయ్య చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం. ఆ కాగితంలోని గుర్తులన్నీ నేను పెట్టినవే. చాలామటుకు అబద్ధం.

తాతయ్య రైల్వేలో పెట్టెలు పరీక్షించే పని చేసి రిటైరయ్యాడు. ప్రతి చక్రాన్నీ సుత్తితో కొట్టి, మోత విని, పగులు లేదని తేలితేనే సుద్దతో గుర్తు వేసేవాడు. న్యూ సెటిల్‌మెంట్‌లోని మా క్వార్టర్లో కూడా అదే పద్ధతి. ఆ వేసవిలో శ్రీకాకుళం వైపు ఒక పెళ్లికి వెళ్తూ, పెరటి తలుపు మీద సుద్దతో గడులు గీసి, రోజూ పొద్దున్నే భూరీని చూసి నింపమని నాకు అప్పజెప్పాడు. రోజుకు నాలుగు గడులు: తిండి, చిగుళ్లు, చెవుల్లో పిడుదులు, విరేచనం. పెదవి ఎత్తితే చిగుళ్లు గులాబీ రంగులో కనిపించాలి. బాగుంటే రైటు, లేకపోతే ఇంటూ. ఇంటూ పడితే అమ్మకు చెప్పాలి, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

మొదటి రోజు అన్నీ చూశాను. రెండో రోజు నుంచి మైదానంలో ఏడింటికే జట్లు పంచుకోవడం మొదలుపెట్టారు. ఆలస్యంగా వెళ్తే బ్యాటింగ్ దక్కదు. పరుగెత్తుకెళ్తూ నాలుగు రైట్లు కొట్టేసేవాణ్ణి. ఐదో రోజు భూరీ సగం అన్నం వదిలేసింది. అది చూశాను. చూసి కూడా, మిగిలినది కాకులకు పారేసి రైటు కొట్టాను. ఆ తర్వాత రోజులూ అంతే. ఈ మాట రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

పదో రోజు పొద్దున తాతయ్య ఇంటికొచ్చేసరికి భూరీ లేవలేదు. తోక మాత్రం ఒకసారి కదిపింది. ఆయన తలుపు మీద ఉన్నదంతా కాగితంలోకి ఎక్కించుకుని రిక్షా పిలిచాడు.

డాక్టరు గారు పెదవి ఎత్తారు. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎడమ పక్కటెముకల కింద వేళ్లతో అదిమి చూసి, ప్లీహం బాగా వాచిందన్నారు. కారణం రెండిట్లో ఒకటి కావచ్చని బెంగాలీలో వివరించారు. పిడుదులు అంటించే జ్వరమైతే రోజురోజుకూ రక్తం తగ్గుతూ ప్లీహం మెల్లగా ఉబ్బుతుంది. దానికి ఇక్కడే మందుంది. అలా కాక ప్లీహంలో గడ్డ పగిలి లోపల రక్తం కారుతుంటే, ఆలస్యం చేయకుండా కలకత్తా తీసుకెళ్లి కోసి తీసేయాలి. ఈ నీరసంలో మత్తు తట్టుకుంటుందో లేదో చెప్పలేం. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందన్నదే ముఖ్యం.

తాతయ్య కాగితం విప్పి చదివాడు. తొమ్మిది రోజులు, అన్నీ రైట్లే.

"అయితే నిన్నటిదాకా బాగానే ఉందన్నమాట, దాదూ. లోపల పగిలినట్టే ఉంది," అని డాక్టరు గారు కారు కోసం ఫోన్ అందుకున్నారు.

తాతయ్య కాగితం మీంచి కళ్లు ఎత్తలేదు. డాక్టరుకు తెలియని తెలుగులో, మెల్లగా అన్నాడు: "ఒరే నాన్నా, ఇన్నేళ్ల సర్వీసులో ఏ బండికీ తొమ్మిది రోజులు వరసగా అన్నీ రైట్లు పడ్డం నాను సూళ్లేదురా. నానోపాలి వాన పడతందని సక్రాలు కొట్టకండా సుద్ద గీసీసినాను. బండి ఎల్లిపోనాది. ఏటీ అవ్వలేదులే. గానీ అది సేరిందని కబురొచ్చేదాకా ముద్ద దిగలేదు. ఎవులికీ సెప్పలేదు నాను." కాగితం మళ్లీ మడుస్తూ, "నీ బండింకా కదల్లేదు," అన్నాడు.

డాక్టరు గారి చేతిలోని ఫోన్ వైపు చూస్తూ, నాకొచ్చిన బెంగాలీలో చెప్పేశాను. నేను చూడలేదని. ఐదు రోజుల నుంచి సరిగ్గా తినడం లేదని. రైట్లు ఊరికే కొట్టానని.

ఆయన ఫోన్ కింద పెట్టారు. తిట్టలేదు. "ఇంకేం చూశావు, ఖోకా? అన్నీ చెప్పు," అన్నారు, వాళ్ల భాషలో బాబూ అని పిలుస్తూ. భూరీ చెవి అంచు నుంచి ఒక రక్తపు చుక్క తీసి, గాజు పలక మీద పలచగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో చాలాసేపు వెతికారు. తర్వాత నన్నూ చూడనిచ్చారు. ఎర్రకణాల లోపల జంటలు జంటలుగా, ఒక కొన సన్నబడిన గింజల్లా ఉన్నాయి జ్వరం తెచ్చే క్రిములు. కండలో ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు వారాలకు మరొకటి, ఈలోగా రోజూ మాత్రలు.

"ఐదు రోజుల ముందు తెచ్చుంటే తనే నడిచొచ్చేది," అన్నారు, నా వైపు చూడకుండా.

తిరిగి వస్తుంటే రిక్షాలో భూరీ తల నా ఒళ్లో ఉంది. నా చెయ్యి నాకింది. అన్నం పారేసింది ఆ చేత్తోనే.

నెల తిరిగేసరికి ప్లీహం వాపు తగ్గి డాక్టరు గారి వేళ్లకు అందలేదు. భూరీ ఇంకో ఆరేళ్లు బతికింది. తాతయ్య ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తలుపు మాత్రం తుడవలేదు. వానలకు అదే పోయింది.

ఇప్పుడు నేను ఆ ఊరి ఇండస్ట్రియల్ పార్కులోనే ఒక ఫ్యాక్టరీలో తనిఖీ ఇంజనీరుని. జాబితాలో ఉన్న ప్రతి వస్తువునూ చేత్తో తాకందే రైటు కొట్టను. "దాదా, బోల్టుకి కూడా నాడి చూస్తున్నావా?" అని తోటివాళ్లు నవ్వుతారు. అది నా జాగ్రత్త అనుకుంటారు వాళ్లు. నేను కాదనను, కారణమూ చెప్పను.

తలుపు మీద గడులు ముప్పై ఆరు. చూసి నిజాయితీగా నింపినవి నాలుగు.