పరీక్ష అయ్యేదాకా వాన వద్దు

మా ఊరికి వాన కావాలి. నాకు మాత్రం పరీక్ష అయ్యేదాకా వద్దు. ఈ మాట ఆ రోజుల్లో పైకి అనివుంటే నన్ను పొలిమేర దాకా తరిమి, బడికి తాళం వేసేవాళ్లు. తాళం వేసినా పెద్ద తేడా ఏమీ ఉండేది కాదనుకోండి. కరువుకు పిల్లల్లో సగంమంది గొర్రెల వెంట పోయారు. మిగిలినవాళ్లు నేను కునికితే తామూ కునికేవాళ్లు.

అవి డెబ్బైల చివరి రోజులు. ముదిగుబ్బ నుంచి లోపలికి పోయే మట్టిదారిలో ఒక చిన్న ఊళ్లో నేను ఏకోపాధ్యాయుణ్ణి. అంటే హెడ్మాస్టరూ నేనే, ఆయన మాట విననివాణ్ణీ నేనే. ఇంట్లో భార్య, నడక నేర్చిన కూతురు. బీఏకు ప్రైవేటుగా కట్టి, కిందామీదా పడి అన్నీ గట్టెక్కించుకున్నాను. ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. అది అప్పటికే నన్ను రెండుసార్లు తన్ని పంపింది. ఈసారి కూడా తప్పితే పాత సిలబస్సు రద్దు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పాసైతే బీఎడ్డు, బీఎడ్డు అయితే హైస్కూలు, హైస్కూలంటే ధర్మవరం. ధర్మవరం నా భార్య పుట్టిల్లు. అక్కడ పట్టుమగ్గాల చప్పుడూ, మనుషుల సందడీ, వీధి చివర కొళాయీ ఉన్నాయి. ఆమె నా చదువు ఎంతవరకు వచ్చిందని ఎప్పుడూ అడగలేదు. కొళాయి ఎప్పుడని అడిగేది.

అడగదా మరి! మా ఊరి బావి అడుగంటింది. చెంబుతో ముంచుకోవాలి, ముంచితే సగం బురద. ఎక్కడో చేలల్లో ఉన్న మోటబావికి పోయి తెచ్చుకునేది. ఒక చంకన బిందె, ఇంకో చంకన పిల్ల. తిరిగొచ్చేటప్పుడు రెండూ తొణికేవి.

నేను మాత్రం రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఊపుతూ, గొంతెత్తి ఇంగ్లీషు వ్యాకరణం చదివేవాణ్ణి. చదవడం ఆపితే పిల్ల లేచి ఏడ్చేది. కాబట్టి దానికి అదే జోలపాట. అనంతపురంలో పాత పుస్తకాల అంగట్లో కొన్న గైడు నాది. నాకంటే ముందు ఎవరో దాన్ని శ్రద్ధగా చదివి ఫెయిలైనట్టున్నాడు, ప్రతి పేజీలోనూ ఎర్రగీతలే. పాసివ్ వాయిస్ దగ్గరికి వచ్చేసరికి తండ్రీకూతుళ్లం ఇద్దరం నిద్రపోయేవాళ్లం.

కరువును చూడటానికి అప్పుడప్పుడు జీపుల్లో అధికారులు వచ్చేవాళ్లు. చేలో దిగి, మట్టిబెడ్డను చేత్తో నలిపి, కరువేనని నిర్ధారించి, కోడికూర తిని పోయేవాళ్లు. ఆ కోళ్లను కరువు నష్టాల కింద ఎవరూ రాసుకోలేదు. నా జీతంలో కరువు భత్యం అని కొంత కలిసేది. ఆ పేరు విని మా ఊరి పెద్దాయన నన్ను నడివీధిలో ఆపాడు. ఆయనకు కాస్త ఎర్రనేల, ఒక జత ఎద్దులు, ఎవరినైనా మొహం మీద అడిగేయగల నోరు ఉన్నాయి.

“కరువు మాకు, బత్తెం నీకా అప్పా?”

దానికి జవాబు బీఏలో ఎక్కడా లేదు.

వేసవిలో జరగాల్సిన పరీక్షలు ఏదో గొడవతో వాయిదాలు పడిపడి ఆషాఢంలోకి వచ్చి కూర్చున్నాయి. సరిగ్గా వేరుశెనగ విత్తే అదను. ఆకాశంలో మబ్బు వచ్చేది, ఊరి మీదుగా నడిచిపోయేది. ఒకరోజు పెద్దాయనే బడికి వచ్చాడు.

“అయివారూ, వానకు పురాణం సదవాల. సదివే ముసలాయనకు కండ్లు పోయినాయి. నువ్వు బియ్యే సదువుతాండావంట గదా, ఇదేమన్నా నీకు కష్టమా?”

నా గొంతు బాగుంటుందని నాకు చిన్నప్పటి నుంచీ ఒక అనుమానం. వెంటనే ఒప్పుకున్నాను. దీపాలు పెట్టే వేళకు చావడిలో కూర్చుని చదవాలి. మొదలుపెట్టిన ఘట్టం ముగిసేసరికి వాన పడి తీరుతుందని ఊరి నమ్మకం. మంగళం పాడేదాకా చదివే మనిషి పొలిమేర దాటకూడదని ఇంకో నియమం. రెండోదాన్ని నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. పరీక్షనాడు గుట్టుగా పొద్దున పోయి సాయంత్రానికి వస్తే ఎవరు చూడొచ్చారు?

చదవడం మొదలుపెట్టాక గానీ అసలు సంగతి తట్టలేదు. మా ఊరికీ బస్సు ఆగే రోడ్డుకూ నడుమ ఒక వంక ఉంది. ఎండితే ఇసుక, పారితే ఏరు. దానికి వంతెన కడతామని ప్రతి ఎన్నికలకూ కొబ్బరికాయ కొట్టేవాళ్లు. పురాణం ముగిసి, వాన పడి, వంక పారితే నేను ఇవతలి గట్టున, నా ఇంగ్లీషు అవతలి గట్టున.

నేను బళ్లో పిల్లలకు మబ్బులు ఎట్లా ఏర్పడతాయో బొమ్మ గీసి చెప్పే మనిషిని. పురాణానికీ వానకూ ఏ సంబంధమూ లేదని నాకు కచ్చితంగా తెలుసు. అయినా ఎందుకైనా మంచిదని నెమ్మదిగా చదవడం మొదలుపెట్టాను.

పద్యానికి అర్థం, అర్థానికి వివరణ, వివరణకు ఒక పిట్టకథ. యుద్ధానికి రథం సిద్ధమైన చోట గుర్రాల జాతులు చెప్పాను. అక్కణ్ణుంచి అనంతపురం స్టేషను ముందు నిలబడే జట్కాబండి గుర్రాల దగ్గరికి వచ్చాను. వాటి యజమానుల గొడవలు కూడా చెప్పాను. జనం విరగబడి విన్నారు. పక్క పల్లె నుంచి కూడా రావడం మొదలుపెట్టారు. రోజులు గడుస్తున్నాయి, రథం మాత్రం కదల్లేదు. పెద్దాయనకు ఒళ్లు మండింది.

“అయివారూ, రథం ఇంగా ఆడనే ఉండాది. దానికి నా ఎద్దులు గట్టింటే ఈపాటికి అనంతపురం పోయి వచ్చుండు.”

జనం నవ్వారు. నేనూ పండితుడిలా నవ్వాను. ఆడవాళ్ల వైపు పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నా భార్య ఒక్కతే నవ్వలేదు. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ అడిగింది.

“ఒగ మాట అడగతా, నిజం చెప్పు. నువ్వు వాన పడాలని సదువుతాండావా, పడగూడదని సదువుతాండావా?”

“జనానికి అర్థం చెప్పాల గదా,” అన్నాను.

“అర్థం నాకయింది. నాకూ ధర్మవరం పోవాలనే ఉండాది. కానీ నీ పరీక్ష దాకా ఆగడానికి ఆ బాయిలో నీళ్లు నీ మాట ఇంటాయా?”

నాకు కోపం వచ్చింది. జవాబు లేనప్పుడు మొగుళ్లకు వచ్చే కోపమే. సంసారంలో మనశ్శాంతి లేకపోతే చదువు ఎక్కడ సాగుతుందని గట్టిగా అరిచి, గైడు తీసుకుని మిద్దెక్కాను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. చూసి నెమ్మదించాను, చూసినందుకు సిగ్గుపడ్డాను కూడా.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం తూర్పున నల్లగా కమ్మింది. గాలి లేచింది, మట్టి వాసన వచ్చింది. గంట కొట్టకుండానే బడి ఖాళీ అయింది. నేను తడుస్తూ ఇంటికి పరిగెత్తాను. లోపల నా కూతురు గుక్కపట్టి ఏడుస్తోంది. అది పుట్టినప్పటి నుంచీ చెప్పుకోదగ్గ వాన పడలేదు. నాపబండల మిద్దె మీద వాన చేసే చప్పుడు దానికి తెలియదు. నా మెడ కరుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని వణికిపోయింది. వానే తల్లీ, వానే అంటున్నాను. ఆ మాటా దానికి తెలియదు. బయట నా భార్య బిందెలు, తపేలాలు, పళ్లేలు, చివరికి పిల్ల పాలగిన్నె కూడా వాకిట్లో పరిచి, నిలువునా తడుస్తూ నవ్వుతోంది. ఆ ఊరికి వచ్చాక ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. దూరంగా వంక హోరు వినిపించింది. పిల్ల వానకు ఏడిస్తే నాకు ఇంగ్లీషుకు ఏడుపొచ్చింది.

దీపాలవేళకు పెద్దాయన గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చాడు.

“నీ నోట్లో ఏముండాదో గానీ అప్పా, సగం సదివేపాటికే దేవుడు దిగినాడు. రేపు పొద్దున మిగిలింది సదివి మంగళం పాడాల. అందాక పొలిమేర దాటొద్దు. సగంలో ఇడిస్తే రెండో వాన పోతాది.”

రేపు నాకు పరీక్ష, తప్పితే బీఏ మొత్తం పోతుంది అని చెప్పుకున్నాను.

“పరీచ్చలు ఏటేటా వస్తాయి. వాన వస్తాదా?”

మామూలుగా చదివుంటే ఎప్పుడో మంగళం పాడి, ఈపాటికి దర్జాగా అనంతపురంలో కూర్చుని ఉండేవాణ్ణి. నా గుర్రాలే నన్ను తొక్కాయి. అప్పుడు గడపలో నిలబడి తల తుడుచుకుంటున్న నా భార్య అంది:

“మిగిలింది నేను సదువుతా.”

పెద్దాయన ఆమెను ఎగాదిగా చూశాడు. “ఆడమనిషి, చావడిలోనా?”

“పొద్దున చావడిలో ఉండేదెవురు పెద్దాయనా? పదును ఆరిపోతాదని మీరంతా చేన్లలో ఉంటారు. ఉండేది ముసలోళ్లు, దేవుడు. వాళ్లకు లేని అడ్డం మీకేంటికి? మా నాయన మగ్గంలో కూచోనుంటే దినామూ పురాణం సదివి ఇనిపించింది నేనే.”

పదును అన్న మాట పనిచేసింది. విత్తనానికి చాలినంత తడి నేలలో ఉండేది ఒకటి రెండు రోజులే. అది పోతే విత్తనం పోయినట్టే. పెద్దాయన గోనెసంచి సర్దుకుని లేచాడు.

“సరేమ్మా, సదువు. కానీ ముందు ఆ రథాన్ని కదిలించు.”

తెల్లారేసరికి వంకలో నీళ్లు నడుముకు దిగాయి. చొక్కా, ప్యాంటు, గైడు, హాల్‌టికెట్టు మూట కట్టి నెత్తిన పెట్టుకుని, డ్రాయరుతో నీళ్లలో దిగాను. అవతలి చేలో విత్తనం గొర్రు తోలుతున్నవాళ్లు ఎద్దుల్ని ఆపి కేకేశారు.

“అయివారూ, యాడికి?”

“పరీక్షకు!”

“అట్లనేనా?”

వాళ్లతో పాటు ఎద్దులు కూడా నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

పరీక్ష హాల్లో తడి డ్రాయరు మీద కూర్చుని ప్రశ్నపత్రం తిప్పితే, వ్యాసం వానరోజు మీద! గైడులోని వాన నాకు కంఠతా వచ్చు. అందులో నెమళ్లు ఆడతాయి, పిల్లలు కాగితం పడవలు వదులుతారు, ఒక పెద్దమనిషి గొడుగు గాలికి తిరగబడుతుంది, అందరూ వేడివేడి పకోడీలు తింటారు. నిన్న మా ఊళ్లో పడిన వానలో ఇవేవీ లేవు. వాకిట్లో గిన్నెలు పరిచి నవ్విన మనిషి ఉంది, వానంటే ఏమిటో తెలియక గొంతు పోయేలా ఏడ్చిన పిల్ల ఉంది. వాళ్లను రాయడానికి నా దగ్గర ఇంగ్లీషు లేదు. నెమళ్లను ఆడించి వచ్చాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. నేను ఇన్నాళ్లూ కదిలించలేని రథాన్ని నా భార్య ఒక్కపూటలో యుద్ధానికి తీసుకుపోయి, గెలిపించి, వెనక్కి తెచ్చి మంగళం పాడేసింది. గుర్రాల జాతి ఆమెను ఎవరూ అడగలేదట.

వేరుశెనగ మొలిచింది. పూత పట్టింది. పది ఊళ్ల మీద పచ్చరంగు చూసి మేం కూడా పొలాలున్నవాళ్లలా మురిశాం. పూత ఊడలు నేలలోకి దిగే వేళకు రెండో వాన రావాలి. రాలేదు. నేల బండలాగా బిగుసుకుంది, ఊడలు దిగలేదు, కాయ పట్టలేదు. ఆడమనిషి చదివినందుకే ఇట్లా అయిందని చావడిలో కొందరు గొణిగారు. ఆ మాట బావి దగ్గర నా భార్య చెవిన పడింది. బిందె కింద పెట్టి అక్కడే అడిగేసింది: “మగోళ్లు సదివిన ఏండ్లలో రెండో వాన యాడ పడిందో చెప్పండప్పా, ఆ ఊరికి పోదాం.” ఆ తర్వాత ఎవరూ గొణగలేదు. జీపులు మళ్లీ వచ్చాయి, మట్టిబెడ్డలు నలిపాయి.

పేపర్లో ఫలితాలు వచ్చినరోజు ముదిగుబ్బకు పోయి చూసుకున్నాను. నా నంబరు ఉంది. నమ్మకం చాలక టీ అంగడివాడి చేత కూడా చదివించాను. ధర్మవరం, కొళాయి, పిల్లను పెద్ద బళ్లో వేయడం, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. బెల్లం మిఠాయి పొట్లం కట్టించుకుని ఎగురుకుంటూ బయల్దేరాను. మా ఊరి చేల దగ్గరికి వచ్చేసరికి కాళ్లు నెమ్మదించాయి.

పెద్దాయన తన చేలో వంగి, ఎండిన వేరుశెనగ చెట్లు పీకుతున్నాడు. కాయల కోసం కాదు, ఎద్దులకు మేతైనా అవుతుందని. ఆయన కంట పడకుండా గట్టు చాటున పోదామనుకున్నాను. చూడనే చూశాడు.

“ఏమప్పా, ఏమాయ నీ పరీచ్చ?”

మిఠాయి పొట్లం విప్పాను. “పాసయినా పెద్దాయనా,” అన్నాను, తప్పు చేసినవాడిలాగా.

ఆయన నడుం పట్టుకుని నిదానంగా నిటారుగా నిలబడ్డాడు. చేతుల మట్టి పంచెకు తుడుచుకుని, నేను చాచిన మిఠాయి తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

“మంచిదాయనప్పా. ఈ యేడు మనూర్లో ఒగరన్నా పాసయితిరి.”

ఎగతాళి చేస్తున్నాడేమోనని ఆయన మొహంలోకి చూశాను. చేయడం లేదు. నిజంగానే సంతోషపడి, మిఠాయి నములుతూ మళ్లీ చెట్లు పీకడానికి వంగాడు.