గరిటమ్మ సంతకం

గరిటమ్మకు అసలు పేరొకటి ఉందన్న సంగతి బడిలో అందరూ మర్చిపోయారు. ఆ పేదపిల్లల బడిలో పద్దెనిమిదేళ్లుగా మధ్యాహ్నం అన్నం వండుతున్నది ఆవిడే. నోరు పెద్దదే గాని మనసు అంతకన్నా పెద్దదని తోటి ఆడవాళ్లు అనేవారు. నోటి సంగతి మాత్రం హెడ్మాస్టరు, అంటే పెద్ద సారు, బాగా ఎరుగుదురు.

ఆ వంటింట్లో ఒక పద్ధతి ఉంది. వడ్డించే ముందు వండినావిడ, పెద్ద సారు ఇద్దరూ తిని చూసి రుచి పుస్తకంలో చెరో సంతకం పెట్టాలి. ఒక్కటి తగ్గినా వడ్డన లేదు. పెద్ద సారు మాత్రం ఒకటో తారీఖునే నెలకు సరిపడా సంతకాలు గీకి పడేసేవారు.

ఈ ఏడు ఒక కంపెనీ బిస్కెట్ పొట్లాలు, రంగునీళ్ల సీసాలు ఉచితంగా పంపింది. వారానికి రెండు రోజులు పొయ్యి వెలిగించక్కర్లేదని పెద్ద సారు మురిసిపోయారు. పోనీలే, పిల్లలు ముచ్చటపడుతున్నారని మొదటి రోజు గరిటమ్మ కూడా సంతకం పెట్టింది. ఆ మధ్యాహ్నమే ఆటల పీరియడ్‌లో ఒక పిల్ల మైదానం చుట్టూ పరిగెత్తుతూ కళ్లు తిరిగి పడిపోయింది. పొద్దున ఇంట్లో తిన్నది లేదు, బడిలో తిన్నది కడుపుకు ఆనలేదు. ఆ పిల్లను ఒళ్లో వేసుకున్న గరిటమ్మకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత తనమీద తనకే ఒళ్లు మండింది.

మళ్లీ పొట్లాల రోజు వచ్చేసరికి ఎవర్నీ అడక్కుండా పొయ్యి వెలిగించి, పుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఊరికే వచ్చినదానికి ఇంత రాద్ధాంతమా? సంతకం పెట్టు" అన్నారు పెద్ద సారు.

"పెట్టను."

"అయితే రేపట్నుంచి పనిలోకి రాకు."

"రాను సార్. పిల్లల నోటికాడ కూడు తియ్యనన్నందుకు మాన్పించామని కాయితం మీద రాసివ్వండి."

పెద్ద సారు కలం తీశారు గాని రాయలేదు.

"లేదంటే ఇంకోటి. పుస్తకంలో మీ గడి కూడా ఉందిగా. మీ టిఫిన్ డబ్బా ఇలా ఇచ్చి, మధ్యాహ్నానికి ఈ పొట్లమే తినండి. మూడింటికి పిల్లలతో నాలుగు చుట్లు పరిగెత్తండి. నిలబడగలిగితే నేనూ నోరుమూసుకుని సంతకం పెడతా."

పిల్లలంతా కంచాలు పట్టుకుని వింటున్నారు. తగ్గితే పరువు పోతుంది. పెద్ద సారు డబ్బా ఇచ్చేశారు. గరిటమ్మ పిల్లలకు వేడివేడి అన్నం, ఆకుకూర, గుడ్డు కొసరి కొసరి వడ్డించింది.

మూడింటికి రెండో చుట్టులోనే ఆయన నడుం పట్టుకుని ఆగిపోయారు. పిల్లలు నవ్వుకుంటూ ఆయన్ని దాటిపోయారు. ఆయన సిగ్గు చంపుకుని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చారు.

"కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. నా డబ్బా ఇవ్వమ్మా."

గరిటమ్మ డబ్బా మీద చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో పుస్తకం ఆయన ముందుకు తోసింది.

"అడగడానికి మీకో డబ్బా ఉంది సార్. వాళ్లకి ఈ పొయ్యి ఒక్కటే. పొట్లాలు వద్దని మీ గడిలో రాయండి, తర్వాత తిందురుగాని."

పెద్ద సారు నిలబడే రాశారు.