ఆరోన్ గారి ఐదో గేరు

మండపేట చుట్టుపక్కల కాలవ గట్టు ఊళ్ళలో పెళ్ళి కుదిరినా, ఎవరైనా పెద్దవాళ్ళు కన్నుమూసినా, ఇంటివాళ్ళు మొదట అనే మాట ఒకటే: "ఆరోన్ గారి బండి ఖాళీగా ఉందేమో కనుక్కోండి."

అదొక పాత పికప్. జీపు ముక్కు, గుండ్రటి దీపాలు, వెనక చెక్కల తొట్టి. ఒకప్పుడు ఏదో మిషన్ ఆసుపత్రికి మందులు మోసింది. ఇక పనికిరాదని వాళ్ళు వేలం వేస్తే ఆరోన్ గారు పాడుకున్నారు. పోటీకి వచ్చినవాడు పాత ఇనుము కొనేవాడొక్కడే. అతను కూడా చివర్లో జాలిపడి తప్పుకున్నాడట.

ఆ బండికి అందం లేదు, వేగం లేదు. ఉన్నదల్లా నడక. మొదటి గేరులో పెట్టి రెండు కాళ్ళూ తీసేస్తే, మనుషులు కబుర్లు చెప్పుకుంటూ నడిచే నడక నడుస్తుంది. కుదుపు ఉండదు. తొట్టిలో నిలబడ్డ పెళ్ళికూతురి జడలో పువ్వు రాలదు. శవపేటిక మీద పెట్టిన దండ జారదు. మట్టల ఆదివారం నాడు చర్చి పిల్లల్నీ, చవితి తరవాత వినాయకుణ్ణీ ఆ తొట్టే మోసింది. "ఇద్దరు దేవుళ్ళూ ఇంతవరకూ నన్నేమీ అనలేదండీ" అంటారు ఆరోన్ గారు. "మా ఆవిడే అంటుంది."

ఆవిడ పేరు రూతు. అంగన్‌వాడీలో పనిచేసి మానేశారు. మోకాళ్ళు అరిగిపోయి బస్సు మెట్లు ఎక్కలేరు. తునిలో ఉన్న ఆవిడ అక్క ప్రిస్కిల్లా మంచం పట్టింది. నెలకోసారైనా అక్కని చూసి రావాలని రూతమ్మ గారి ప్రాణం కొట్టుకుంటుంది. ఇంటి ముందు సొంత బండి పెట్టుకుని అద్దె కారు ఎక్కించడం ఆరోన్ గారికి నామోషీ. పోనీ పికప్‌లో వెళదామంటే, హైవే ఎక్కి కాస్త వేగం అందుకోగానే ఇంజను పూనకం వచ్చినట్టు అరుస్తుంది. ఒకసారి వెళ్ళారు. రాజానగరం దాటేసరికి రూతమ్మ గారు చెవుల్లో దూది పెట్టుకున్నారు, అన్నవరం చేరేసరికి తలకి గుడ్డ కట్టుకున్నారు. అక్క ఇంట్లో ఆ పూటంతా అక్కగారే మంచం ఖాళీ చేసి చెల్లెల్ని పడుకోబెట్టవలసి వచ్చింది.

"ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందర్నీ ఊరేగించారు. పోయినవాళ్ళందర్నీ ఊరేగించారు" అన్నారు రూతమ్మ గారు తిరిగొచ్చాక. "మధ్యలో ఉన్నదాన్ని నేనేగా. నన్నెప్పుడు తిప్పుతారు?"

ఆరోన్ గారికి ఆ మాట గుచ్చుకుంది. రూతు ప్రశాంతంగా తుని వెళ్ళాలి. ఊరేగింపులూ పోకూడదు. రెండు పనులూ ఈ ఒక్క బండే చెయ్యాలి. ఇదీ ఆయన పెట్టుకున్న పట్టుదల.

దారి ఫోన్లో ఒక వీడియోలో దొరికింది. ఎక్కడో దూరదేశంలో, తన బండి ఈడు బండికే ఒకాయన గేర్‌బాక్స్ మార్చి ఓవర్‌డ్రైవ్ ఉన్నది బిగిస్తున్నాడు. ఆయన మాట ఆరోన్ గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని చేతులు అర్థమయ్యాయి. తన బండి పాత గేర్‌బాక్స్ డబ్బాలో ఉన్నవి నాలుగు గేర్లు. నాలుగోదాంట్లో ఇంజను ఒక చుట్టు తిరిగితే వెనక షాఫ్టూ ఒక చుట్టే తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ అనే ఐదో గేరులో ఇంజను చుట్టు పూర్తికాకముందే షాఫ్టు తన చుట్టు ముగించేస్తుంది. బండి వేగం బండిదే, ఇంజను మాత్రం సగం నిద్రలో ఉంటుంది. ఆరోన్ గారు ఆ వీడియో రూతమ్మ గారికి చూపించారు.

"సగం నిద్రలో ఉండి పని చేయడం మీకు తెలియనిదేముంది" అన్నారావిడ.

మండపేటలో రైసుమిల్లు లారీలు బాగుచేసే పల్లంరాజు షెడ్డుకి ఆరోన్ గారు పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు తిరగడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి గోనె పట్టా మీద రెండు గేర్‌బాక్సులు కూర్చున్నాయి. రెండింటికీ ఐదేసి గేర్లు, ఐదోది ఓవర్‌డ్రైవే. ఒకటి సరుకుల వ్యానులోంచి తీసింది. బరువు, మొరటు, మూడో గేరులో మూలుగుతుంది. మొదటి గేరు మాత్రం చాలా చిన్నది, ఏ బరువైనా నిదానంగా లాగుతుంది. రెండోది మనుషులు తిరిగే కొత్త జీపులోది. కడిగి పెడితే వెండి గిన్నెలా మెరిసింది. గేరు వేస్తే వెన్నలో చెంచా దింపినట్టు ఉంది.

సలహాలకి కొదవ లేదు. టీ తాగడానికి వచ్చిన లారీ డ్రైవర్లు మెరిసేదాన్నే మెచ్చుకున్నారు. చర్చి పాస్టరు విజయ్ పాల్ గారు మోటారు సైకిలు ఆయిలు మార్పించుకోవడానికి వచ్చి, రెండింటినీ చూసి, "మొరటుదాన్ని వద్దండీ, రూతమ్మ గారి చెవుల సంగతి చూడండి" అని ఆశీర్వదించినంత గంభీరంగా చెప్పారు.

ఆరోన్ గారు ఒక్కసారి, ఒక్కసారే, అడిగారు. "మొదటి గేరు ఎలా ఉంటుందంటారు?"

"ఫస్టు గేరు ఎవరండీ చూసుకునేది!" అన్నాడు పల్లంరాజు. "ఇంటికి గుమ్మం లాంటిదది. దాటడానికే గాని కాపురం ఉండడానికా?"

అక్కడున్న అందరూ నవ్వారు. బతుకంతా ఆ గుమ్మంలోనే కాపురం చేసిన ఆరోన్ గారు కూడా నవ్వారు.

మెరిసేదే ఖాయమైంది. ఇంజనుకీ దానికీ మధ్య పలక చేయించారు, లేతు మీద షాఫ్టు కోయించారు, కాళ్ళ దగ్గర రేకు కోసి కొత్త గేరు కడ్డీ పైకి తెచ్చారు. ట్రయల్ హైవే మీద చూశారు. వేగంగా వెళ్ళి చూశారు, ఇంకా వేగంగా వెళ్ళి చూశారు. నెమ్మదిగా వెళ్ళి చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. నెమ్మదిదనం కూడా ఒక పనితనమేనని, దాన్నీ పరీక్షించాలని ఎవరనుకుంటారు?

తుని ప్రయాణం దివ్యంగా సాగింది. రాజానగరం దాటాక ఆరోన్ గారు ఐదో గేరు వేశారు. ఇంజను గొంతు తగ్గించుకుంది. ఆయన మురిపెంగా పక్కకి చూశారు.

"ఏమండీ, బండికి ఒంట్లో బాలేదా?" అన్నారు రూతమ్మ గారు.

"ఏం?"

"ఇంత నెమ్మదిగా పోతుందేంటి?"

"నెమ్మదేంటే! ఆ చెట్లు చూడు, ఎలా వెనక్కి పోతున్నాయో."

"చెట్లెప్పుడూ వెనక్కే పోతాయి."

అరుపు లేకపోతే వేగం ఉన్నట్టు ఆవిడకి నమ్మకం కుదరలేదు. అంతకంటే పెద్ద సంగతి, ఇన్నేళ్ళూ ఇంజను మోతలో చెప్పకుండా ఊరుకున్న మాటలన్నీ ఆవిడకి ఆ నిశ్శబ్దంలో గుర్తొచ్చాయి. ఆడపడుచు పెళ్ళిలో జరిగిన అవమానం దగ్గర మొదలుపెట్టారు. "కత్తిపూడి దగ్గర ఒకసారి నాలుగో గేరుకి దిగానండీ" అని ఆరోన్ గారు తరవాత నాతో మెల్లగా అన్నారు. "చెవులకి కాస్త విశ్రాంతి ఇద్దామని."

అయినా తిరుగు ప్రయాణంలో రూతమ్మ గారు దూది అడగలేదు, తలకి గుడ్డ అడగలేదు. గుమ్మంలో దిగుతూ, "వచ్చే నెల కూడా వెళదాం" అన్నారు. ఆ రాత్రి ఆరోన్ గారికి ఆకలి లేదు, ఆనందంతోనే కడుపు నిండింది.

ఆ వారంలోనే పాపాయమ్మ గారు ప్రభువునందు నిద్రించారు. ఆరాధనకి ఎప్పుడూ ఆఖరి పాట వేళకి వచ్చే మనిషి. పేటిక తొట్టిలోకి ఎక్కించారు. ముందు పాస్టరు గారు, పాటలు పాడేవాళ్ళు. వెనక బంధువులు. ఆరోన్ గారు అలవాటు చొప్పున మొదటి గేరు వేసి, క్లచ్చి వదిలి, కాళ్ళు తీసేశారు.

బండి నడవలేదు. పరుగెత్తింది.

జీపు డబ్బా మొదటి గేరుకి మనిషి నడక తెలియదు. పెద్ద పరుగేమీ కాదు, బస్సు అందుకోవాలనుకునే మనిషి పరుగు. కానీ ముందున్న పాస్టరు గారికి వీపు వెనక బంపరు తగిలేలా ఉంది. ఆయన పొడుగు అంగీ ఎత్తి పట్టుకుని అడుగు పెంచారు. ఆయనతో పాటు పాట కూడా వేగం పెంచింది. సంతాపంగా సాగదీసి పాడవలసిన కీర్తన పెళ్ళి బ్యాండు వరసలో పడింది. ముందున్నవాళ్ళు బండికి అందకూడదని పరుగు, వెనకున్నవాళ్ళు బండిని అందుకోవాలని పరుగు. తీరిగ్గా ఉన్నది పాపాయమ్మ గారొక్కరే.

"ఆరోన్ గారూ, ఏంటండీ ఈ తొందర!" అరిచారు పాస్టరు గారు.

"మీరు పాట కొంచెం నెమ్మదిగా ఎత్తుకోండి అయ్యగారూ!"

"పాట నెమ్మదిస్తే బండి నెమ్మదిస్తుందా అండీ!"

ఆరోన్ గారు క్లచ్చి సగం తొక్కి పట్టారు. బండి కుదుపులతో ఆగుతూ కదులుతూ పోయింది. పేటిక మీద దండ జారి కింద పడింది. ఇన్నేళ్ళలో అలా జరగడం అదే మొదలు. కాలవ వంతెన ఎక్కేచోట కాలిన వాసన గుప్పుమని, క్లచ్చి చేతులెత్తేసి బండి నిలిచిపోయింది.

పాపాయమ్మ గారికి ఇద్దరల్లుళ్ళు, అబ్రహాము, ప్రేమ్ కుమార్. ఎవరిదో నిశ్చితార్థం విందులో ఒకరికి ముందు, ఒకరికి వెనక వడ్డించారని వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. పెద్దల్లుడు అబ్రహాము వచ్చి బండి వెనక ఒక చెయ్యి వేశాడు. అది చూసి ప్రేమ్ కుమార్ రెండు చేతులూ వేశాడు. అబ్రహాము భుజం ఆనించాడు. మనవలు చేరారు. ఇంజను లేని బండి, గేరు లేని బండి, ఆరోన్ గారు స్టీరింగు పట్టుకుని కూర్చుంటే, వంతెన ఎక్కి దిగి సమాధుల తోట దాకా మనుషుల నడకతో వెళ్ళింది. మోత లేకపోవడంతో పాట చివరి మాట దాకా వినబడింది. ఏడ్చేవాళ్ళ ఏడుపూ వినబడింది.

అయిపోయాక ఒక్కొక్కరే వచ్చి ఆరోన్ గారి చెయ్యి పట్టుకున్నారు. "చాలా మర్యాదగా సాగనంపారండీ." "ఇలాంటి ఊరేగింపు మేమెప్పుడూ చూడలేదండీ."

ఇక్కడే ఆయన పెద్ద పొరపాటు చేశారు. మా వైపు వెటకారమైనా అండీ, గారూ తగిలించుకునే వస్తుంది. ఎంత బాగా ఎగతాళి చేస్తే అంత మర్యాదగా చేస్తారు. పుట్టి బుద్ధెరిగి అవే వింటున్న ఆరోన్ గారు ఆ మెప్పులన్నిటినీ ఎత్తిపొడుపులే అనుకున్నారు. ఇల్లు కదలడం మానేశారు. పల్లంరాజుకి కబురు పెట్టారు: క్లచ్చి పలక మార్చి, పాత డబ్బా మళ్ళీ బిగించెయ్యండి.

"మరి మా అక్క?" అన్నారు రూతమ్మ గారు.

ఊరేగింపులు పోతే ఆరోన్ గారు ఆరోన్ గారు కాదు. అవి నిలవాలంటే అక్కని వదులుకోవాలి.

పల్లంరాజు వచ్చేలోపే వెంకటదుర్గ వచ్చింది. చేపల వ్యాపారం చేసే ఆవిడ, మాట కరుకు.

"మా అమ్మాయి పెళ్ళి ఊరేగింపుకి మీ బండి కావాలండి. పాపాయమ్మ గారికి చేసినట్టే చెయ్యాలి."

ఆరోన్ గారి మొహం ఎర్రబడింది. "మీరూ మొదలెట్టారా అమ్మా? మిగిలింది మీరేగా."

"ఏం మొదలెట్టానండి?"

"పెళ్ళిని కూడా పరుగెత్తించమంటారు. అంతేగా?"

"పరుగేంటండీ బాబూ! ఇంజను ఎయ్యొద్దంటున్నాను. మా మేనల్లుళ్ళు తోస్తారంట. అల్లుళ్ళు తోస్తే ఆవిడ ఎంత గొప్పగా వెళ్ళిందో ఊరంతా చెప్పుకుంటున్నారు. మా పిల్లకి ఆ మాత్రం మర్యాద అక్కర్లేదా?" వెంకటదుర్గకి కోపం వచ్చింది. "ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. ఎటకారాలెందుకు?"

ఆవిడ గిర్రున తిరిగి వెళ్ళిపోబోయింది. రూతమ్మ గారు మోకాళ్ళ సంగతి మరిచి గుమ్మం దిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"వస్తారమ్మా, తప్పకుండా వస్తారు. ఇంజను తాళం నా దగ్గరే పెట్టుకుంటాను." అని మొగుడి వైపు తిరిగి, "మీతో ఎవరన్నా నిజం చెప్పాలంటే తిట్టాల్సిందేనా?" అన్నారు.

మర్నాడు పల్లంరాజు పాత డబ్బా ఆటోలో వేసుకుని వచ్చాడు. ఆరోన్ గారు దాని వైపు చూడలేదు. కొత్త క్లచ్చి పలక ఒక్కటీ వేయించుకుని, బండి వెనక్కి తీసుకెళ్ళి తొట్టి కింద చెయ్యి పెట్టి చూపించారు.

"ఇక్కడ ఒక కడ్డీ వెల్డింగు పెట్టాలి, రాజు గారూ. నున్నగా ఉండాలి, చేతులు కోసుకోకూడదు."

"దేనికండీ?"

"తొయ్యడానికి."

పల్లంరాజు బండి ముందుకి వెళ్ళి గేరు కడ్డీ చూశాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. "ఐదు గేర్లు పెట్టించుకుని తోపుడు కడ్డీయా అండీ? నేను చేశానని ఎక్కడా చెప్పకండి. ఎంత పొడుగు కావాలి?"

"ఈ చివర్నుంచి ఆ చివరికి" అన్నారు ఆరోన్ గారు. "కొందరికి అల్లుళ్ళు ఎక్కువమంది ఉంటారు. ఒకరు ముందు, ఒకరు వెనక అయ్యారనుకోండి, మళ్ళీ మాటలుండవు."